షాఫ్టు మెడ మీది ఎర్ర గీత

"మిషన్ చాబి యాడ వెట్టినవ్ బిడ్డా?"

పర్వతాలు ఈ మాట అడగడం ఇదే మొదలు కాదు. మొదట నవ్వుతూ అడిగాడు. తర్వాత దగ్గుతూ అడిగాడు. ఇప్పుడు భుజం మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ వేసుకుని అడిగాడు. ఆయన తువ్వాల దులిపితే వెనకటికి మందలో పొట్టేళ్లు కూడా మేత ఆపి తలెత్తి చూసేవట. ఆయన చెప్పిన మాటే ఇది. పొట్టేళ్లను అడిగిన వాళ్లెవరూ లేరు.

కోడలు నిహారిక మాత్రం తలెత్తలేదు. సిమెంటు ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చిన బట్టల్లోనే, మెడలో బ్యాడ్జీ వేలాడుతుండగానే, గడప మీద కూర్చుంది.

"నా దగ్గర్నే ఉన్నది మామా. ఇయ్యను."

వాకిట్లో కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి.

వంటింటి గుమ్మంలో జానమ్మ చాయ్ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ గ్లాసు అందుకోలేదు. చాయ్ మీద మీగడ కట్టి, ఆ మీగడ కూడా ముడతలు పడింది. భర్తను చూడాలా, కోడలిని చూడాలా తెలియక ఆమె ఆ ముడతల్నే చూస్తోంది.

"ఇయ్యవా?"

"నేను డ్యూటీల ఉన్నప్పుడు ఇంజన్ల షాఫ్టు బిగిచ్చిన్రు. బిగించొద్దని చెప్పి పోయిన. ఫోటో తీసి చూపెట్టి పోయిన. అయినా బిగిచ్చిన్రు. ఇగ నా చేతిల ఉన్నది గీ చాబి ఒక్కటే."

"విన్నవారా నాగేందర్?" పర్వతాలు కొడుకు వైపు తిరిగాడు. "పర్వతాల మిషన్ ఆయన కోడలు సెలవిస్తేనే కదులుతదని చాయ్ బండి కాడ జెప్పుకుంటుంటే అబద్దమనుకున్న. జనం ఊకెనే అనరు."

నాగేందర్ నోట్లో వేపపుల్ల ఉంది. నమలడం మానేసి చాలాసేపైంది. అయినా తీయలేదు. తీస్తే ఏదో ఒకటి మాట్లాడాల్సి వస్తుంది.

అరుగు మీద నకిరేకల్ నుంచి వచ్చిన మిస్త్రీ రఘుపతి కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. మిషన్ పొలంలో దిగేదాకా చూసి పోదామని ఆగిన మనిషి. ఇంటి గొడవలో చిక్కుకున్నందుకు ముఖం గంటు పెట్టుకున్నాడు గానీ, లేచి మాత్రం పోలేదు.

ఆ కోతమిషన్ మామూలు మిషన్ కాదు. పర్వతాలు తాత ముత్తాతల నాటి గొర్రెల మందను మొత్తం అమ్మి దాన్ని తెచ్చాడు. పంజాబు నుంచి తెచ్చేటప్పుడు డ్రైవరు దారిలో నిద్రపోతే, మిషనే ఎడమకు తిరిగి కృష్ణా నది దాకా వచ్చి ఆగిందని చెప్తాడు. దాని హారన్‌కు పక్క ఊరి బర్రె చేపుకొచ్చి పాలిచ్చిందని చెప్తాడు. ఇవన్నీ హుజూర్‌నగర్ దిక్కు రైతులందరికీ కంఠోపాఠం. నమ్మకపోయినా వింటారు, ఎందుకంటే పర్వతాలు ఫలానా రోజు మీ మడికట్టులో దిగుతానంటే ఆ రోజు దిగుతాడు. ఆ ఒక్క మాటలోనే ఆయన ఎన్నడూ కథలు చెప్పలేదు.

ఇప్పుడు ఎడమ కాలువ కింద యాసంగి వరి వంగిపోయి ఉంది. పడమట మబ్బు గొర్రెతోలు ఆరేసినట్టు కమ్ముకుంటోంది. ఒక్క రాళ్లవాన పడితే గింజ నేల పాలు. అందరూ పర్వతాలు మాట మీద కొడవళ్లు అటక మీద పెట్టి కూర్చున్నారు.

"చూడు బిడ్డా," అన్నాడు పర్వతాలు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గించినప్పుడే ఇంట్లో వాళ్లకు భయం. "నీ మాట నేను కాదన్ననా? ఇంజన్ల నుంచి చెంచెడు నూనె సీసల వట్టుకపోయినవ్. మీ ఫ్యాక్టరీల పరీక్ష జేయించి, నూనెల ఇనుము పెరిగింది, లోపల ఏదో అరుగుతాంది అన్నవ్. మంచిగ నడిచే మిషన్‌ను సీజన్ నడుమ విప్పిచ్చిన. ఎవడన్న విప్పుతడా? దసరాకు మిషన్ పూజ అయినంక విప్పుడు మన ఆనవాయితి. అయినా విప్పిచ్చిన."

"విప్పితే ఏం కనవడ్డది?"

"బేరింగులు అరిగినయ్. ఒప్పుకుంటున్న గద."

"దసరా దాక ఆగితే?"

"ఆగలేదు గద. కొత్తయి ఏసినం. అయిపాయె. ఇప్పుడు షాఫ్టుకు గూడ రోగమంటివి. రేపు సీటుకు రోగమంటవ్. ఎల్లుండి సీటు మీద కూసున్నోడికి రోగమంటవ్."

రఘుపతి నవ్వాడు. నవ్విన తర్వాత ఎవరూ నవ్వలేదని చూసుకుని, ఆ నవ్వును దగ్గులో కలిపేశాడు.

నిహారిక ఇప్పుడు తలెత్తింది.

"మామా, నువ్వు మంద కాసినప్పుడు పొద్దుగాల లేవంగనే ఏం జూసేటోనివి?"

"ఏం జూసేటోన్ని?"

"పెంటికలు జూసేటోనివంట గద. ఏ గొర్రె పెంటిక మెత్తగున్నదో చూసి, రోగమొచ్చే ముందుగాలనే దాన్ని మందల నుంచి ఏరేటోనివంట. అత్తమ్మనే జెప్పింది."

పర్వతాలు ముఖంలో ఒక్క క్షణం పాత వెలుగు వచ్చింది. అది ఆయనకు ఇష్టమైన కథ. కానీ వెంటనే కోడలు ఎటు లాక్కుపోతోందో పసిగట్టాడు.

"గొర్రెకు పానముంటది."

"నేను ఇంజన్ నూనెల జూసింది గదే. మీ కండ్లతోటి మీరు జూసినట్టే, మాకు గీ పరీక్షలు కండ్లు. ఇంజన్‌ను కోయకుండ, కొట్టకుండ లోపలి సంగతి చూసుడు. మా తాన తారీకు పెట్టుకోని విప్పరు, పూజ అయిందని విప్పరు. అది బాగలేనని చెప్పినప్పుడే విప్పుతరు. బాగలేనని చెప్పినంక మాత్రం ఒక్క గంట గూడ నడపరు."

"గొర్రె రోగమొస్తే మేత మానుతది. నా మిషన్ డీజిల్ తాగుడు మానలే."

"పగిలి పర్రె వడ్డ షాఫ్టు ఏం మానదు మామా. ఇరిగేదాక మంచిగనే తిరుగుతది. ఇరిగినప్పుడే తెలుస్తది."

ఆ మాటతో నాగేందర్ నోట్లోంచి వేపపుల్ల తీశాడు. సీటు మీద కూర్చునేది అతనే.

నిహారిక ఫోన్ తీసి మామ ముందుకు చాపింది. మొన్న సాయంత్రం తీసిన ఫోటో. షాఫ్టును గోనెసంచి మీద పడుకోబెట్టి, మందుతో తుడిచి, ఎర్ర రంగు చల్లి, కొంతసేపు నాననిచ్చి, ఆ రంగంతా తుడిచేసి, తెల్ల పొడి మందు కొట్టిన తర్వాత తీసింది. ఉక్కు అంతా సున్నం వేసిన గోడలా తెల్లగా ఉంది. ఒక్కచోట, బేరింగు కూర్చునే మెడ దగ్గర, వంపులో, తెల్లదనాన్ని చీల్చుకుంటూ వెంట్రుకంత ఎర్ర గీత పైకి వచ్చింది.

"పగుల్లకు పోయిన రంగు తుడిచినా పోదు. తెల్ల పొడి దాన్ని బయటికి గుంజుతది. గందుకే గీత వచ్చింది. మిగతా షాఫ్టుల ఎక్కడన్న వచ్చిందా? చూడున్రి."

పర్వతాలు చూడలేదు. రఘుపతి మెడ సాచి చూశాడు.

"చిన్న గీతమ్మా," అన్నాడు మిస్త్రీ. "గీసుకపోయినట్టున్నది. గంత దానికే షాఫ్టు మార్చుకుంట పోతే..."

"అన్నా, నువ్వు బేరింగు పని మంచిగ చేసినవ్. దాంట్ల ఒక్క మాట లేదు. గీసుకపోయిన దాంట్లకెల్లి రంగు గిట్ల కారదు."

"రంగు గాదది," అన్నాడు పర్వతాలు.

అందరూ ఆయన వైపు చూశారు.

"కుంకుమ," అన్నాడు. "మొన్న పొద్దుగాల షాఫ్టు బయటికి తీయంగనే మీ అత్త పసుపు కుంకుమ పెట్టింది. బొట్టు పెట్టంది రఘుపతి సామాను ముట్టడు. గా కుంకుమ నూనెల తడిసి, వంపుల ఇరుక్కున్నది. నువ్వు సాయంత్రం వచ్చి నీ మందు గొడితే గదే కరిగి పైకొచ్చింది. అంతకంటె ఏం లేదు."

నిహారిక ఏదో అనబోయి ఆగిపోయింది.

ఆ ఆగడాన్ని జానమ్మ చూసింది. కోడలు ఇంత సేపట్లో మొదటిసారి తన పరీక్ష మీద తానే అనుమానపడింది.

"నేను మూడు మాట్ల తుడిచిన," అంది నిహారిక, గొంతు తగ్గించి. "బొట్టయితే చుక్క ఉండాలె. గీత ఎట్ల వస్తది?"

"తుడిస్తే సాగదా? నొసలు మీది బొట్టు చెమటకు సాగదా?" పర్వతాలు దొరికిన కొసను వదల్లేదు. "అడుగు. మీ అత్త ఈడనే ఉన్నది గద. పెట్టిందో లేదో అడుగు."

 అందరి చూపులూ గుమ్మం వైపు తిరిగాయి.

జానమ్మ పళ్లేన్ని చేయి మార్చుకుంది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

"పెట్టినవా లేదే?" అన్నాడు భర్త.

ఆమె తల ఊపింది. అవునన్నట్టా, కాదన్నట్టా అంటే, ఏదో ఊపింది. కావలసిన వాళ్లు కావలసినట్టు చూసుకున్నారు.

"ఇగో," అన్నాడు పర్వతాలు.

నాగేందర్ వాకిలి దాటి వచ్చి భార్య ముందు చేయి చాపాడు.

"ఇయ్యి."

"నువ్వు గూడనా?"

"ఊరంత నవ్వుతున్నరు నిహారికా."

"నవ్వుతె నవ్వనీ."

"బాపు మాట ఇచ్చిండు. మబ్బు జూడు."

"మబ్బు జూసిన. గా ఒక్క కాడ మల్ల జూస్త. కింద నూనె ఛాంబర్ విప్పితే చాలు, ఇంజన్ మొత్తం విప్పే పని లేదు. రేపటిదాక ఆగు. కుంకుమనే అయితె నేనే మిషన్‌కు దండ ఏసి పంపిస్త."

అతను చాపిన చేయి అలాగే ఉంచాడు. పెళ్లయిన కొత్తలో ఇదే చేయి పట్టుకుని ఆ పిల్ల మోటరు చప్పుడు విని దానిలో ఏ బేరింగు పోయిందో చెప్తే, అతను ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఆ చేతిలోనే ఆమె చాబి పెట్టింది. పెట్టేటప్పుడు అతని వేళ్లను తాకకుండా పెట్టింది.

జానమ్మ పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

*

వంటింట్లో సద్ది కట్టాలి. అన్నం వార్చి ఉంది. జానమ్మ గరిటె ముంచుతుంది, తీస్తుంది, మళ్లీ గిన్నెలోనే వదులుతుంది.

తను కుంకుమ పెట్టలేదు.

మొన్న తెల్లవారే చెల్లెలు గోపమ్మ ఫోన్ చేసింది. ముంబై దగ్గరి భీవండిలో చిన్నాయన పోయాడని, అక్కడే దహనం అయిపోయిందని, ఎవరూ రాగలిగే దూరం కాదని చెప్పి ఏడ్చింది. పుట్టినింటి చావు. పెళ్లయి వచ్చిన ఆడపిల్లకు మూడు రోజులు మైల. మైల చేత్తో కుంకుమ ముట్టరాదు.

అప్పటికే షాఫ్టు బయటికి వచ్చి ఉంది. కొడుకు బేరింగుల కోసం కోదాడ పోయాడు. కోడలు డ్యూటీలో ఉంది. ఇంట్లో బొట్టు పెట్టే ఆడది తను తప్ప మరొకరు లేరు. మైల అని చెబితే రఘుపతి పానాలూ సుత్తీ సంచిలో వేసుకుని నకిరేకల్ బస్సు ఎక్కేవాడు. పర్వతాలు అంతకంటే పట్టింపు మనిషి. మంద ఉన్న రోజుల్లో పిల్లి ఎదురొచ్చిందని పొద్దెక్కేదాకా గొర్రెల్ని దొడ్లోనే నిలబెట్టిన ఘనుడు. మూడు రోజులూ పని ఆగేది. పొలాలు మబ్బు కింద పడి ఉన్నాయి.

అందుకే ఆమె పళ్లెం పట్టుకుని వెళ్లింది. రఘుపతి బోరింగు పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. పర్వతాలు షెడ్డు మూల అటు తిరిగి బీడీ ముట్టించుకుంటున్నాడు. పసుపుకు అంత పట్టింపు లేదనుకుని, ఒక చిటికెడు మాత్రం షాఫ్టు మొదట్లో రాసింది. కుంకుమ భరిణె మూత తీయలేదు. దేవుడికి ఒక్క మాట లోపల చెప్పుకుంది, కోపం చేయకని. చిన్నాయన కోసం రావలసిన ఏడుపును కూడా మూడు రోజుల తర్వాతకు వాయిదా వేసుకుంది.

అంత చిన్న దాపరికం ఇంత పెద్ద నోరు తెరుస్తుందని ఆమెకేం తెలుసు?

వెనక అడుగుల చప్పుడయింది. నిహారిక వచ్చి, అత్త చేతిలో గరిటె తీసుకుని, మాట్లాడకుండా డబ్బాలో అన్నం పెట్టడం మొదలుపెట్టింది. మొగుడితో మాట లేదు, అయినా సద్దిలోకి అతనికిష్టమైన చింతకాయ తొక్కు వెతికి మరీ వేసింది.

"రాత్రంత నిద్ర లేదు నీకు," అంది జానమ్మ. "జరసేపు పండు బిడ్డా."

"పండుకుంట."

"ఇరిగితే..." జానమ్మ తలుపు వైపు చూసింది. "గా షాఫ్టు ఇరిగితే ఏమైతది?"

నిహారిక డబ్బా మూత బిగించింది.

"లోపలి ఇనుప కడ్డీలు ఇంజన్ పక్కలు పగలగొట్టుకోని బయటికొస్తయ్. మరిగే నూనె చిమ్ముతది. మిషన్ వెనక, కింద, అంత ఎండు గడ్డే. నిప్పు అంటుకుంటె దిగేందుకు ఉన్నది ఒక్క నిచ్చెన. ఆ నిచ్చెన చుట్టు గూడ గడ్డే."

 పోయిన ఏడు కాలువ అవతలి ఊళ్లో కాలిపోయిన మిషన్‌ను జానమ్మ బస్సులోంచి చూసింది. పొలం నడుమ నల్లగా, ఏ జంతువో నిలబడే చచ్చిపోయినట్టు ఉంది. డ్రైవరు బతికాడని కొందరు, లేదని కొందరు అన్నారు. బస్సు ఆగలేదు కాబట్టి ఏది నిజమో తెలియలేదు.

"గియ్యాలనే ఇరుగుతదా?"

"తెల్వది అత్తమ్మా. గియ్యాల ఇరగొచ్చు. నెల నడిచి ఇరగొచ్చు. తిరిగినప్పుడల్ల వెంట్రుక వాసి తెరుసుకుంటది. ఎప్పుడో చెప్పే పరీక్ష నా తాన లేదు. పర్రె ఉన్నదని చెప్పేదే ఉన్నది."

బయట పర్వతాలు ఎవరికో ఫోన్లో చెప్తున్నాడు. బయలుదేరుతున్నాం, మడి గట్టు తెంపి పెట్టు, మిషన్ దిగుతది అని. గొంతులో పాత హుషారు.

"అత్తమ్మా, ఒక్కటి అడుగుత. కోపానికి రావద్దు."

"అడుగు."

"బొట్టు ఎక్కడ పెట్టిన్రు? మొదట్లనా, నడుమనా?"

జానమ్మ పొయ్యి వైపు తిరిగింది. ఆరిపోయిన పొయ్యిని గుడ్డతో తుడిచింది.

నిహారిక సద్ది డబ్బాను గుడ్డలో కట్టింది.

"కుంకుమనే కావాలని కోరుకుంటున్న," అంది. "మామ ముందట తలకాయ దించుకోవాల్సి వచ్చినా మంచిదే. ఊరంత నన్ను జూసి నవ్వినా మంచిదే. మొన్నటి సంది గదే కోరుకుంటున్న. నేను జూసింది తప్పు కావాలె. మిషన్ల పని జేసేటోళ్లు గట్ల కోరుకోవద్దు. అయినా కోరుకుంటున్న."

సద్ది డబ్బా అత్త చేతికిచ్చింది.

"మీరే ఇయ్యున్రి. నేనిస్తే తీసుకోడు."

లోపలి గదిలోకి పోయి, బ్యాడ్జీ తీయకుండానే గోడ వైపు తిరిగి పడుకుంది. భుజాలు కదలడం లేదు. నిద్రపోయిన వాళ్ల భుజాలు కదులుతాయి, జానమ్మకు తెలుసు.

*

షెడ్డులో ఇంజన్ లేచింది.

ఆ మోత గురించి పర్వతాలు చెప్పే కథలు పక్కన పెట్టినా, ఇంటి గోడకున్న గడియారం నిజంగానే అదిరింది. మోతలో ఏ తేడా లేదు. కొత్త బేరింగులతో ఇంకా నున్నగా, జోకొట్టినట్టు ఉంది. జానమ్మ ఆ మోత వింటూ సద్ది డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడింది. అంత నున్నని చప్పుడులో అంత సన్నని పగులు ఎలా దాక్కుంటుందో ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొన్నటి నుంచి తను ఇంట్లో చాయ్ పెడుతోంది, కోళ్లకు గింజలు చల్లుతోంది, అందరితో మాట్లాడుతోంది. ఎవరికైనా తెలిసిందా?

చెప్పులు వేసుకోవడం మరిచి నడిచింది. నడక పరుగైంది.

షెడ్డు ముందు మిషన్ పసుపుపచ్చని కొండలా నిలబడి వణుకుతోంది. పైన సీటు మీద నాగేందర్. రఘుపతి వెనక చక్రం దగ్గర వంగి ఏదో బిగిస్తున్నాడు. నిచ్చెన పక్కన పర్వతాలు, దండ వేసిన పెళ్లికొడుకు తండ్రిలా, నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్నాడు.

"ఆపుమను," అంది జానమ్మ.

ఆయన చెవి దగ్గర చేయి పెట్టి, వినబడలేదని సైగ చేశాడు.

"ఆపుమను పోరన్ని."

"సద్ది తెచ్చినవా? ఇటియ్యి."

ఆమె డబ్బా ఇవ్వలేదు. ఆయన తువ్వాల పట్టి కిందికి గుంజి, చెవిలో నోరు పెట్టింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి నలుగురిలో ఆమె ఆయన్ని ముట్టుకున్నది లేదు.

"నేను కుంకుమ పెట్టలే."

ఆయన తువ్వాల విడిపించుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"ఉత్త పసుపే పెట్టిన. గదీ మొదట్ల. భీవండి చిన్నాయన పోయిండు. మైల ఉన్నది నాకు. చెప్తె పని ఆగుతదని చెప్పలే. గా ఎర్రది కుంకుమ గాదు. విన్నవా? పిల్ల చెప్పిందే నిజం. వాన్ని దించు."

తిడతాడనుకుంది. మైల చేత్తో మిషన్ ముట్టావా అని చేయెత్తుతాడనుకుంది. అన్నింటికీ సిద్ధపడే వచ్చింది.

పర్వతాలు ఆమెను చూడలేదు. మబ్బు వైపు చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఆశ్చర్యం అసలే లేదు.

"ఇంటికి నడు," అన్నాడు.

"వినవడ్డదా నీకు?"

"వినవడ్డది. నడు."

"వినవడితే ఆపవేంది?"

"నాలుగొద్దులు. గా కాలువ కింది మళ్లు గోసి వచ్చేదాక. గంతల ఏం గాదు. ఇసొంటి మిషన్లు ఎన్ని జూడలే."

"ఏం గాదని నీకెవలు జెప్పిన్రు? మల్ల వాళ్ల ముందట కుంకుమ అంటివి. నన్ను సాక్ష్యం బెడితివి. నేను జెప్పేది నిజమని ఎరుకైంది గద ఇప్పుడు. ఇంక దేనికి ఆలోచన జేస్తున్నవ్?"

 ఇంజన్ మోత పెరిగింది. దాన్ని దాటి వినబడాలని ఆయన గొంతు పెంచాడు. మంద తప్పిపోయిన రాత్రుల్లో గుట్ట అవతలికి కేకేసిన గొంతు అది.

"ఇప్పుడు ఎరుకైందేంది? భీవండి ఫోను నీకంటె ముందు నాకే వచ్చింది. నీకు జెప్తె ఏడుస్తవ్, పని ఆగుతదని నేను గూడ చెప్పలే. నువ్వు భరిణె మూత తియ్యకుంట ఉత్త పసుపు రాసుడు నేను జూసిన. బీడీ ముట్టిచ్చుకుంట జూసిన. నువ్వెందుకు తియ్యలేదో గూడ..."

జానమ్మను కొంగు జారి, చెప్పుల్లేకుండా, తండ్రి తువ్వాల పట్టుకుని నిలబడి ఉండగా నాగేందర్ పైనుంచి చూశాడు. అమ్మను అతను ఎన్నడూ అలా చూడలేదు. ఏదో అయిందనుకుని ఇంజన్ ఆపాడు.

మోత ఒక్కసారిగా తెగిపోయింది. పర్వతాలు గొంతు మాత్రం తెగలేదు. పూర్తి బలంతో, ఎదురు లేకుండా, షెడ్డు రేకులకు తగిలి, బోరింగు దాకా, ఇంటి గోడ దాకా వినబడింది.

"...గా గీత కుంకుమ గాదని నాకు మొన్నటి సందే తెల్సు."

రఘుపతి చక్రం దగ్గర వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. అతని చేతిలో పానా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసుకున్నాడు.

ఇంటి గుమ్మంలో నిహారిక నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె ముఖంలో గెలిచిన ఛాయ ఏ మూలా లేదు. తెల్లబోయి ఉంది. ఆమె చూపు మామ మీద కాదు, నిచ్చెన మీద ఉంది.

నాగేందర్ నిచ్చెన దిగుతున్నాడు. రోజూ సగంలోంచి దుమికేవాడు. ఈరోజు ఒక్కో మెట్టు మీద కాలు ఆనించి, ఆగి, దిగాడు. తండ్రి ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఇద్దరిదీ ఒకటే ఎత్తు. జానమ్మకు ఆ సంగతి ఇప్పుడే కనబడింది.

"ఏం తెల్సు బాపు?"

పర్వతాలు తువ్వాల సర్దుకున్నాడు. పెదవులు తడుపుకున్నాడు. డ్రైవరు నిద్రపోతే తానే నడిచొచ్చిన మిషన్ కథ నుంచి పక్క ఊరి బర్రె దాకా, ఈ భూమ్మీద ఏ మాట అడిగినా ఆయన దగ్గర ఒక కథ సిద్ధంగా ఉండేది. ఆయన ఊపిరి పీల్చే తీరును బట్టే రాబోయేది నిజమో అబద్ధమో జానమ్మ ఇన్నేళ్లుగా చెప్పగలిగేది.

ఇప్పుడు ఆయన ఊపిరి పీల్చాడు. ఏది రాబోతోందో ఆమెకు అంతుపట్టలేదు.

"నన్ను పైకెక్కిచ్చినవ్ గద," అన్నాడు నాగేందర్, మెల్లగా, దాదాపు లాలనగా. "ఏం తెలిసి ఎక్కిచ్చినవో చెప్పు."